గది ఖరీదైనదే, అతిథికి లోటెక్కడ?

ప్రశ్న: దుబాయ్‌లో ఫైవ్ స్టార్ హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పనిచేస్తున్నాను. చైనా కుటుంబాలు పెద్ద సూట్లు తీసుకుంటాయి, అయినా చిన్న విషయాలకే రేటింగ్ తగ్గిస్తారు. వాళ్లకు నిజంగా కావలసిందేమిటి? – పి.ఎస్., దుబాయ్

అడగకుండానే అన్నీ అమరాలి. వాళ్లు అంత డబ్బు పెట్టేది అందుకే. ఇంటి పెద్దల ముందు, రాని ఇంగ్లీషులో, కౌంటర్ దగ్గర నిలబడి అడగాల్సి వస్తే చిన్నతనంగా ఉంటుంది.

చాలామంది తాత, నాయనమ్మ, పిల్లలతో మూడు తరాలుగా వస్తారు. మధ్య తలుపున్న గదులు ముందు రోజే కేటాయించండి. 4, 14, 24 నంబర్లు వద్దు, ఆ అంకెను చావుతో ముడిపెడతారు. 8 దొరికితే సంతోషిస్తారు. ఇద్దరికి సర్దిన గదిలో ఐదుగురు దిగడం తరచూ జరిగే పొరపాటు. స్లిప్పర్లు, టీ కప్పులు మనుషుల లెక్కన పెట్టించండి. కెటిల్ తప్పనిసరి, తాగేది వేడినీళ్లే. ఐస్ వేసిన గ్లాసు అడగకుండా పెట్టకండి. వాళ్ల ప్లగ్ దుబాయ్ సాకెట్‌లో పట్టదు. వోల్టేజితో ఇబ్బంది లేదు, అడాప్టర్లు రెండు మూడు గదిలోనే ఉంచితే చాలు.

వాంగ్ షియావోమింగ్‌ను ‘మిస్టర్ వాంగ్’ అని పిలవాలి. ఇంటిపేరు ముందు రాయడం మనకూ అలవాటే కదా, మీకిది తేలికే.

పొద్దుటి బియ్యపు జావ మీద మాత్రం ప్రత్యేకంగా కన్నేసి ఉంచండి. మిగిలిన అన్నంలో నీళ్లు పోసి మరిగిస్తే మెతుకులు వేరు, నీళ్లు వేరుగా ఉంటుంది. పెద్దవాళ్లు ఒక చెంచాతోనే కనిపెట్టేస్తారు. కప్పు బియ్యానికి పది కప్పుల నీళ్లు పోసి, సన్నసెగ మీద అడుగంటకుండా కలుపుతూ, మెతుకు విచ్చి నీళ్లలో కలిసేదాకా గంటకు పైగా ఉడికించాలి. బఫేలో ఉంచేకొద్దీ చిక్కబడుతుంది, అప్పుడు మరిగే నీళ్లే కలపాలి. పక్కన ఉప్పులో ఊరిన గుడ్డు, వేయించిన వేరుశనగ గుళ్లు, ఏదైనా ఊరగాయ పెట్టండి.

వాట్సాప్, గూగుల్ మ్యాప్స్ చైనా ప్రధాన భూభాగంలో మామూలుగా పనిచేయవు, వాళ్లు ఇంటి నుంచి బయలుదేరకముందు మీరు పంపే లింకు తెరుచుకోదు. వివరాలు చైనాలో అందరూ వాడే మెసేజింగ్ యాప్ వీచాట్‌లో పంపండి. స్వాగత పత్రం సరళీకృత చైనీస్ లిపిలో ఉండాలి, తైవాన్, హాంకాంగ్‌లలో వాడే సంప్రదాయ లిపి వేరు. అలీపే, వీచాట్ పే, యూనియన్ పే అనే చైనా చెల్లింపులు తీసుకునే మెషిన్ ఉన్నా నైట్ షిఫ్ట్‌కు వాడడం రాకపోతే అది లేనట్టే.

ప్రశ్న: చైనా పర్యాటకులు విదేశాలకు వచ్చేది షాపింగ్‌కేనా? అందరూ ఒకేసారి ఎందుకొస్తారు? – కె.వి., సింగపూర్

కొంటారు, కానీ ప్రయాణానికి అదొక్కటే కారణం కాదు. 2020 జూలై నుంచి సొంత దేశంలోని హైనాన్ దీవిలోనే ఏడాదికి లక్ష యువాన్ల వరకు సుంకం లేకుండా కొనుక్కునే వీలుంది. ఇప్పుడు పిల్లలకు కొత్త అనుభవం, గుంపు లేని చోటు, ఫోటోలు పంచుకునే షియావోహాంగ్‌షు యాప్‌లో పెట్టుకోదగ్గ ఫోటో కూడా చూసుకుంటున్నారు. ఇక రద్దీ సంగతి: పదేళ్ల లోపు సర్వీసున్న ఉద్యోగికి చట్టప్రకారం దక్కే వేతన సెలవు ఏడాదికి 5 రోజులే. అందుకే అందరికీ సెలవులుండే చైనా కొత్త సంవత్సరానికీ, అక్టోబర్ మొదటి వారానికీ ప్రయాణాలు కట్టుకుంటారు. వేసవిలో బడి సెలవులు ఎలాగూ ఉన్నాయి.

ప్రశ్న: అమరావతి, నాగార్జునకొండలకు చైనా పర్యాటకులను తీసుకురాగలమా? – ఒక టూర్ ఆపరేటర్, విజయవాడ

చిన్న బృందాలతో మొదలుపెట్టవచ్చు. 2025 జూలైలో భారత్ చైనా పౌరులకు టూరిస్టు వీసాలు మళ్లీ మొదలుపెట్టింది. మీకున్న బలం చైనా బౌద్ధ భిక్షువు హ్యూయన్ త్సాంగ్. 7వ శతాబ్దంలో ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి వచ్చి కొంతకాలం చదువుకున్న ఆ యాత్రికుడు చైనాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే అమరావతి శిల్పాల్లో ఎన్నో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై మ్యూజియంలో ఉన్నాయని ముందే చెప్పండి. మహాస్తూపం చెక్కుచెదరకుండా ఉంటుందని ఊహించుకుని వచ్చినవాళ్లు దిబ్బను చూసి నిరాశపడతారు. మాండరిన్ వచ్చిన గైడు దొరక్కముందు ప్యాకేజీ అమ్మకండి. మే డే సెలవుల ఎండకు పెద్దవాళ్లు తట్టుకోలేరు, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరం సెలవులకు ప్లాన్ చేయండి. నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలోనే వెళ్లాలి కాబట్టి అది నడిచే రోజులు, వేళలు ఖాయం చేసుకున్నాకే అడ్వాన్సు తీసుకోండి.