ఓడ కాగితంలో ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరు పట్టుకోండి

డర్బన్‌లో ఒకావిడ తన ముత్తాత ఊరు వెతికిపెట్టమంటోంది, చేతిలో ఓడ జాబితా కాగితం ఒక్కటే ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత తీసుకోవాలి అని అడిగారు కదా. విజయనగరంలో కూర్చుని కొన్నేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే కాబట్టి చెబుతున్నా.

1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నేటాల్ (డర్బన్ ఉన్న ప్రాంతం) చెరుకు తోటలకి ఒప్పందం మీద వెళ్ళిన కూలీల జాబితాల్లో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద గుర్తులు, ఇంతే. ఇంటిపేరు రాయలేదు. అక్కడికెళ్ళాక ముత్తాత పేరే మనవలకి ఇంటిపేరైపోయింది. మీ క్లయింటు ఇంటిపేరు అప్పలసామి అయితే, వాళ్ళింట్లో ‘మాది మద్రాసు’ అని ఎంత చెప్పుకున్నా నమ్మకండి. మద్రాసు ఓడెక్కిన రేవు, అంతే. అప్పన్న, అప్పలనాయుడు, పైడమ్మ, ఇవి సింహాచలం అప్పన్న, విజయనగరం పైడితల్లి నీడలో పుట్టిన పేర్లు.

జిల్లా గడిలో శ్రీకాకుళం, విజయనగరం కనిపించవు, ఒకటి 1950లో, రెండోది 1979లో పుట్టింది. విశాఖపట్నం అనో గంజాం అనో ఉంటుంది. గంజాం చూడగానే ఒడిశా బస్సెక్కేయకండి, 1936 దాకా టెక్కలి, శ్రీకాకుళం కూడా గంజాం కిందే ఉండేవి. ‘చికకోల్’ అంటే శ్రీకాకుళమే.

నేను తిన్న దెబ్బ ఒకటి చెప్తా. కాగితంలో ఊరు ‘కొత్తవలస’, ఠాణా మీద సిరా అలుక్కుపోయింది. నా క్లయింటు ఒకావిడని తిన్నగా రైలు జంక్షన్ ఉన్న కొత్తవలసకే తీసుకెళ్ళిపోయా. ఆవిడ గుడి ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ మట్టి రుమాల్లో మూట కట్టుకుని ఏడ్చింది, నేను ఫొటోలు తీశా. ఆరు నెలల తర్వాత అదే జాబితా పూర్తి పేజీ తెప్పించి చూస్తే, పక్క నంబర్ల వాళ్ళు నలుగురిదీ అదే ఊరు, వాళ్ళ ఠాణా మాత్రం స్పష్టంగా ఉంది, అది ఈ జంక్షన్ కొత్తవలస ఉన్న ఎస్.కోట (శృంగవరపుకోట) వైపుది కానే కాదు. మన జిల్లాల్లో వలసలు, కొత్తపేటలు ఎన్నో లెక్కలేదు కదా! ఫోన్ చేసి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. అందుకే ముందు పూర్తి పేజీ అడగండి, కత్తిరించిన ఫొటో వద్దు. ఒకే ఊరి వాళ్ళు కలిసి పేరు రాయించుకున్నప్పుడు నంబర్లు వరసగా ఉంటాయి.

తహసీల్దారు ఆఫీసు మీద ఆశ పెట్టుకోకండి. మనవైపు చాలా ఊళ్ళు జమీందారీలు, 1948 చట్టంతో అవి రద్దయ్యాకే రైతుల పేర్లు సర్కారు పుస్తకాల్లోకి ఎక్కాయి. అంతకన్నా ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గర కూర్చోండి. కానీ వాళ్ళు ‘మా తాత తమ్ముడొకడు రంగం ఎల్లిపోనాడు బాబూ, మరి రానేదు’ అంటే వెంటనే ముడి వేసేయొద్దు. రంగం అంటే రంగూన్, కానీ సముద్రం దాటిన ప్రతివాడూ వాళ్ళ లెక్కలో రంగం వెళ్ళినవాడే. నిజంగా బర్మా వెళ్ళినవాళ్ళని మేస్త్రీలు తీసుకెళ్ళేవారు, వాళ్ళకి నేటాల్ జాబితా లాంటిది దొరకదు, ఆ కేసులు నేను ఒప్పుకోను.

డబ్బు మాత్రం రోజుల లెక్కన తీసుకోండి. ‘ఊరు దొరికితేనే ఇస్తాం’ అంటే ఒప్పుకోకండి. అలా ఒప్పుకున్నాక దొరకని ఊరు కూడా దొరికినట్టే కనిపిస్తుంది, ఆ కొత్తవలస కేసు అలా ఒప్పుకున్నదే.