దానంగా వచ్చిన పాత కంప్యూటర్లను అమ్మే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఒక కార్యాలయం మీ సంఘానికి ఇచ్చిన నలభై పాత కంప్యూటర్లలో బడులకు పనికిరానివాటిని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అమ్మవచ్చునా అని అడిగావు. అమ్మవచ్చునమ్మా. దానంగా వచ్చిన వస్తువును అమ్మడమే తప్పని నేను అనుకోను, ఇచ్చినవారికి తెలియకుండా అమ్మడం మాత్రం తప్పే. పిల్లల చదువుకని ఇచ్చిన యంత్రం అంగట్లో వారి కంటపడితే, ఆ సొమ్మును ఎంత సద్వినియోగం చేశామని లెక్కలు చూపినా వారి మనసు కుదుటపడదు. వాడదగినవి బడులకు ఇస్తామని, మిగిలినవి అమ్మి ఆ డబ్బుతో ర్యామ్, కీబోర్డుల వంటివి కొంటామని వారికి ఇప్పుడే ఉత్తరం రాసి, రాతపూర్వకంగా అంగీకారం వచ్చేదాకా ఆగు.

హార్డ్ డిస్కుల విషయంలో నేను చేసిన పొరపాటు నువ్వు చేయకూడదు. చాలా ఏళ్ళ క్రితం ఇరవై యంత్రాలను క్విక్ ఫార్మాట్ చేసి అమ్మేశాను. కొన్న కుర్రవాడు ఒకడు వారం తిరగకుండా వచ్చి, దానం చేసిన కార్యాలయం ఉద్యోగుల జీతాల పట్టికలు, ఇంటి చిరునామాలు అందులోనే ఉన్నాయని చూపించాడు. ఆ ఫార్మాట్ ఫైళ్ళ జాబితాను తుడుస్తుందే గాని ఫైళ్ళను తుడవదని నాకు అప్పుడు తెలియదు. మిగిలిన పంతొమ్మిదింటి కోసం ఇల్లిల్లూ తిరిగాను, అన్నీ దొరకలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. డిస్కు మొత్తం మీద కొత్త సమాచారం రాయించి పాతదాన్ని చెరిపేయి. తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీలకు అది చాలదు, వాటిని పూర్తిగా చెరిపేందుకు తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ అనే సాధనం వాడాలి. అసలు పనిచేయని డిస్కులను పగలగొట్టించు.

కొనేవారికీ నిజం చెప్పాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది, ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందటి ప్రాసెసర్లున్న యంత్రాల్లో దాదాపు ఏవీ విండోస్ 11కు అర్హమైనవి కావు. ఇలాంటివి కొనేది ఎక్కువగా చేతిలో డబ్బు తక్కువగా ఉన్న విద్యార్థులే కనుక, ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, లాప్‌టాప్ అయితే బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో బిల్లు మీదే రాసి ఇవ్వు.

పూర్తిగా చెడిపోయినవాటికి పాత ఇనుప సామాన్ల వ్యాపారి, పద్ధతి ప్రకారం లోహాలు వేరుచేసే రీసైక్లర్ కంటే ఎక్కువ ధర చెబుతాడు. తీగలు తగలబెట్టి, బోర్డులను ఆమ్లంలో ముంచి లోహం తీసేచోట కూలీల ఊపిరితిత్తులకు ఎవరూ ఖర్చు పెట్టరు కాబట్టే ఆ ధర వస్తుంది. పాత గాజు మానిటర్లలో సీసం కూడా ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లరే కాదు, బాగుచేసి అమ్మే వ్యాపారి కూడా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదై ఉండాలి. ఆ వివరం చూడకుండా ఒక్క యంత్రం కూడా అప్పగించకు.

నాకొక లాప్‌టాప్ తక్కువ ధరకు ఇస్తానని రాశావు. వద్దమ్మా. సభ్యులు గాని, వారి బంధువులు గాని వీటిని కొనరాదని ముందు మీ తీర్మానాల పుస్తకంలో రాయించు.

మీ మామయ్య