ప్రోగ్రెసివ్ రాక్ పాడతానంటున్న అబ్బాయికి ఏం చెప్పాలి?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి ఇంజనీరింగ్ వద్దని, ప్రోగ్రెసివ్ రాక్ (తాళాలు మారుతూ సుదీర్ఘంగా సాగే ఒక తరహా రాక్ సంగీతం) గాయకుడినవుతానని పట్టుబడుతున్నాడు. ఇంగ్లండ్‌కు చెందిన ‘యెస్’ బ్యాండు గాయకుడు జాన్ ఆండర్సన్ ఏ డిగ్రీ చదివాడని ఎదురడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?
- ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: అతని ప్రశ్న సబబైనదే. కాకపోతే ఆ జీవితాన్ని మధ్యలో ఆపకుండా చివరిదాకా చదవమనండి. 1944లో ఇంగ్లండ్‌లోని ఆక్రింగ్టన్‌లో పుట్టిన ఆండర్సన్ పదిహేనేళ్లకే బడి మానేసి పొలం పని చేశారు, లారీ నడిపారు, ఇంటింటికీ పాలు వేశారు. 1962లో సోదరుడి బ్యాండులో చేరినా, 1968లో లండన్ క్లబ్బులో చిన్నాచితకా పనులు చేస్తుండగా బాస్ గిటారిస్టు క్రిస్ స్క్వయర్ పరిచయమై ‘యెస్’ మొదలైనా, నిలదొక్కుకునే పేరు 1971లో గానీ రాలేదు. అంటే తొమ్మిదేళ్లు.

ఇక పాడటమూ తేలిక కాదు. తర్వాతి సంవత్సరం వచ్చిన ‘యెస్’ వారి ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పాట నిడివి 18 నిమిషాలు దాటుతుంది. వాద్యాలు చాలాసేపు చెలరేగాక గాని సాహిత్యం మొదలుకాదు, తాళం మారుతూ పోతుంది, నడుమ చర్చి ఆర్గన్ మోగే విలంబ భాగంలో గొంతు దాదాపు ఒంటరిగా నిలబడాలి. (సాహిత్యం సగం నాకిప్పటికీ అర్థం కాదు, అది వేరే సంగతి.)

2008లో తీవ్రమైన ఉబ్బసంతో ఆండర్సన్ ఆసుపత్రి పాలైనప్పుడు, ‘యెస్’ పాటలే పాడుకుంటున్న ఒక కెనడా గాయకుణ్ణి యూట్యూబ్‌లో చూసి, ఆయన స్థానంలో తీసుకుని, మిగిలినవారు పర్యటనకు వెళ్లిపోయారు. తాను స్థాపించిన బ్యాండులోనే గాయకుడి స్థానం అంత పలచనిది. అయితే ఆ 18 నిమిషాల పాటకు రచయితలుగా ఉన్నది ఆండర్సన్, గిటారిస్టు స్టీవ్ హౌ. ఎవరు పాడినా ఆ హక్కు వారిదే.

కాబట్టి మీ అబ్బాయి పాడటంతో ఆగక పాటలు కట్టడం కూడా నేర్చుకోవాలి. తాళజ్ఞానానికి మన కర్ణాటక సంగీత గురువు చాలు. సంగీత పరీక్షలు నిర్వహించే ట్రినిటీ కాలేజ్ లండన్ వారి రాక్ అండ్ పాప్ గాత్ర పరీక్షలు మన దేశంలోనూ రాయవచ్చు. మన ఊళ్లలో ఈ సంగీతానికి శ్రోతలు తక్కువ గనుక, సాధనకు సాయంత్రాలు మిగిలే డిగ్రీలో చేర్పించండి. ఇంజనీరింగే కానక్కర లేదు.

ముందుగా వచ్చే ఆదివారం ఆ పాటను మొదటినుంచి చివరిదాకా ఆపకుండా పాడమని, మీరు పక్కనే కూర్చొని వినండి.