నరసాపురం లేసు అల్లే ఆడవాళ్లకు ఇంకా శిక్షణ దేనికి?

అల్లడం వాళ్లకు బాగానే వచ్చు. శిక్షణ కావాల్సింది పనికి ధర కట్టడంలో, నేరుగా అమ్ముకోవడంలో. గోదావరి డెల్టాలోకి ఈ క్రోషే (కొక్కెం సూదితో దారం అల్లే) పని 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. ఎక్కువగా ఏజెంటు దారం ఇస్తాడు, ఆడవాళ్లు ఇంట్లో అల్లి ఇస్తారు, ముక్కకింత అని కూలి. "ఖాళీ టైములో చేసే పని" అన్న ముద్ర పడింది కాబట్టి గంటల లెక్క ఎవరూ వేయరు. వంటకీ పిల్లలకీ మధ్య దొరికేది ఖాళీ ఎలా అవుతుందో మరి! ఒక టేబుల్ మ్యాట్‌కి 6 గంటలు పట్టి 60 రూపాయలు వచ్చాయనుకోండి, గంటకు పడేది 10 రూపాయలే. ఈ లెక్క వేయడం, కొలతలు రాసుకోవడం, ఆర్డరు మాట్లాడుకోవడం వస్తే బేరం ఆడగలుగుతారు. 2024లో ఈ లేసుకు జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కదా, కూలి దానంతటదే పెరుగుతుందనుకోవడం పొరపాటు. జీఐ ఆ పేరును ఇతరులు వాడుకోకుండా చూస్తుంది. కూలి రేటు జోలికి పోదు.