మీరడిగేరు, నేను తిరిగేను

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సముద్రం గురించే. ఎండాకాలం సెలవులొస్తున్నాయి కదా మరి. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసి రాస్తున్నాను, నా ఉత్తరం ఏదీ అని కోప్పడకండి.

*మాది హైదరాబాదు. ఆడపడుచు కూతురి పెళ్ళికి శ్రీకాకుళం వస్తున్నాం, పెళ్ళయ్యాక ఒకటిన్నర రోజు మిగుల్తుంది. ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు ఉన్నారు. "శ్రీకాకుళంలో ఏముంది, వైజాగ్ పోయి బీచ్ చూసుకోండి" అని చుట్టాలే అంటున్నారు. నిజంగా ఏమీ లేదా? (ఒక పాఠకురాలు)*

అమ్మా, ఆ మాటన్నది కచ్చితంగా శ్రీకాకుళం వాళ్ళే అయ్యుంటారు, బయటివాళ్ళు అనరు. "మా ఊళ్ళో ఏటుందండీ" అనడం మాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అదన్నమాట. వైజాగ్ మంచి ఊరే, కాదనను, కానీ ఉన్న ఒకటిన్నర రోజులో పోనూ రానూ కార్లోనే కూర్చుని, అక్కడ ట్రాఫిక్‌లో ఇంకాస్త కూర్చుని, పిల్లలకి ఐస్‌క్రీమ్ కొనిపెట్టి వెనక్కి రావడానికా?

నా మాట విని వంశధార పట్టుకోండి. ఒడిశా కొండల్లో పుట్టి వచ్చే ఈ ఏటి ఒడ్డునే కళింగం కథ చాలావరకూ జరిగింది. పైన శ్రీముఖలింగం, తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదే. కిందకొస్తే శాలిహుండం, బౌద్ధుల కొండ. ఇంకా కిందకి, ఏరు సముద్రంలో కలిసే చోట కళింగపట్నం రేవు. అన్నీ ఒకే కాలానివి కావు లెండి, మధ్యలో వందల ఏళ్ళ తేడా ఉంది, కానీ రాజుకైనా భిక్షువుకైనా ఓడ వర్తకుడికైనా ఆసరా ఈ ఒక్క ఏరే. అందుకే మా దగ్గర బీచ్ ట్రిప్ వేరు, చరిత్ర ట్రిప్ వేరు అని ఉండదు, ఒకే రోడ్డు.

వరస ప్రకారం అయితే ముఖలింగం నుంచి కిందకి రావాలి, కానీ ఎండకి మన వరసలతో పని లేదు. కాబట్టి తిరగేసి వెళ్ళండి. తెల్లారకుండానే, అంటే నాలుగున్నరకే పిల్లల్ని లేపేసి కళింగపట్నం చేరిపోండి, శ్రీకాకుళం నుంచి గంట లోపే. మన సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు నీళ్ళలోంచే పైకొస్తాడు, సాయంత్రం వెళ్తే మీ వీపు వెనకాల ఎక్కడో దిగిపోతాడు. ఇది తెలీక సన్‌సెట్ ఫొటోల కోసం వచ్చి ఉసూరుమన్నవాళ్ళని చాలామందిని చూసేను.

మొన్న నేను వెళ్ళినప్పుడు పెద్ద వల లాగుతున్నారు. ఒడ్డున అటో గుంపు ఇటో గుంపు, ఒక్కో గుంపులో పదీ పదిహేనుమంది, తాడు నడుముకి ఆన్చుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ, చివర ఉన్నవాడు తాడు చుట్టేసి మళ్ళీ ముందుకి పరిగెత్తుకెళ్ళి పట్టుకుంటాడు, అలా గంటకి పైగా పట్టింది వల ఒడ్డుకి రావడానికి. ఇంతా చేస్తే అందులో ఉన్నవి రెండు గంపల నెత్తళ్ళూ కాసిని కవళ్ళూ. "ఇంతేనా?" అని నోరు జారేను. గంప పట్టుకున్న పెద్దావిడ నా వైపు చూసి "సముద్రం మీ బేంకు కాదు బావూ, ఎయ్యగానే తియ్యడానికి" అంది. ఆ నెత్తళ్ళే కొనుక్కొచ్చి మామిడికాయ వేసి వండించేను, ఆ రుచి ఇంకా నోట్లోనే ఉంది. అక్కడి లైట్‌హౌస్ 1876 నాటిది, బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఇక్కడ రేవు జోరుగా నడిచేది, ఇప్పుడు ఓడల్లేవు, ఆ దీపం మాత్రం ఉంది.

ఒక్క హెచ్చరిక. కారు ఇసకలోకి దించకండి. నేను దించేను, ఎంత తొక్కితే అంత లోపలికి పోయింది, ఆ వల లాగినవాళ్ళే మళ్ళీ వచ్చి నా కారు కూడా లాగేరు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు గానీ "కారు వలలో పడింది రోయ్" అని వాళ్ళు నవ్విన నవ్వు వైజాగ్ దాకా వినిపించుంటుంది.

ఎనిమిదింటికల్లా అక్కణ్ణించి బయల్దేరి శాలిహుండం వెళ్ళండి, పది కిలోమీటర్ల లోపే. అత్తగారు కొండెక్కలేరు, ఆవిణ్ణి కింద నీడ చూసి కూర్చోబెట్టండి, మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలున్నాయి, నిదానంగా చూస్తారు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు కాకుండా చూసుకోండి. మీరూ పిల్లలూ పైకెక్కండి. ఇటుకల స్తూపాలు, చైత్యాలు దారి పొడుగునా ఉంటాయి, అందులో ఒక స్తూపం పునాది అచ్చం బండి చక్రంలాగే ఉంటుంది, మధ్య నుంచి ఆకులు బయటికి వచ్చినట్టు ఇటుక గోడలు కట్టేరు. పెద్దవాళ్ళం ఏవో పాత ఇటుకలనుకుని దాటిపోతాం, మా మేనల్లుడు ఏడేళ్ళవాడు, "ఇది చక్రం కదా మావయ్యా" అని వాడే పట్టుకున్నాడు. ఆ కట్టడం బలం కోసమే, మట్టి నింపిన అంత పెద్ద అండం, అంటే స్తూపం గుండ్రటి పైభాగం, పగిలిపోకుండా ఆకులు పట్టి ఉంచుతాయి. పైకెక్కేక వెనక్కి తిరిగి చూడండి, ఒకపక్క ఏరు, దూరంగా సముద్రం, మధ్యలో వరిచేలు. పొద్దుటి రేవుకీ ఈ కొండకీ ఉన్న చుట్టరికం అక్కడ నిలబడితే అర్థమవుతుంది, ఓడల్లో వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ ఈ కొండ కనపడుతూనే ఉండేది కదా.

మధ్యాహ్నం పడుకోండి. అత్తగారి కోసమే కాదు, మీ కోసం కూడా. నాలుగింటికి శ్రీముఖలింగం చేరేలా వెళ్ళండి, శ్రీకాకుళం నుంచి దాదాపు యాభై కిలోమీటర్లు. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్ళు. ఇప్పచెట్టు మొదట్లో వెలిసేడని మధుకేశ్వరుడన్నారని ఊళ్ళో చెప్తారు. పూరీ జగన్నాథుడి గుడి కట్టించడం మొదలెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడు ఈ గాంగ వంశం వాడే, 1078లో పట్టానికొచ్చేడు. లోపల దణ్ణం పెట్టుకుని వచ్చేయకండి, బయట గోడల మీద శిల్పాలున్నాయి, అసలు పని అక్కడుంది. మిగిలిన సగం రోజు శ్రీకూర్మం పెట్టుకోండి, కొండెక్కే పని లేదు. కూర్మరూపంలో ఉన్న స్వామి పడమర ముఖంగా ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలుంటాయి, నక్షత్ర తాబేళ్ళని చూస్తే పిల్లలు అక్కణ్ణించి కదలరు, ముందే చెప్తున్నాను.

*మీ కాలమ్‌లో "చూసేను, వెళ్ళేను" అని రాస్తారేమిటి? పత్రికలో రాసేటప్పుడు భాష సరిగ్గా ఉండొద్దా? (ఒక రిటైర్డ్ మాస్టారు)*

మాస్టారూ, నమస్కారం. పైన చెప్పిన శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో లోకానికి చూపించింది ఎవరో మీకు తెలిసే ఉంటుంది, గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆయన పుట్టింది 1863లో, ఇదే వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. జనం మాట్లాడే భాషే రాయాలని జీవితమంతా పోట్లాడిన మనిషి, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన చూపించిన కొండ గురించి నేను గ్రాంథికంలో రాస్తే పాపం కాదూ? మా ఇంట్లో "వెళ్ళేను" అనే అంటారు, మీ ఇంట్లో "వెళ్ళాను" అనుకుని చదివేసుకోండి.

*మార్చి 10న తెల్లవారుజామునే అరసవల్లి వెళ్ళేం, స్వామి పాదాల మీద ఎండ పడటం చూద్దామని. మూడు గంటలు నిలబడ్డాం, ఏమీ కనపడలేదు. ఇదంతా ప్రచారమేనా? (విజయనగరం నుంచి)*

ప్రచారం కాదండీ, మబ్బు. సూర్యుడు ఏడాదంతా ఒక్కచోటే పొడవడు కదా, ఉత్తరాయణంలో రోజు రోజుకీ కాస్త ఉత్తరానికి జరుగుతాడు, దక్షిణాయనంలో మళ్ళీ వెనక్కొస్తాడు. అంటే తూర్పున ఏ చోటైనా ఏడాదికి రెండుసార్లు తగుల్తాడు, పోయేటప్పుడొకసారి వచ్చేటప్పుడొకసారి. గుడి ద్వారాలన్నీ కలిసే ఆ వరసలోకి మార్చి 9, 10, 11 దరిదాపుల్లో ఒకసారి, మళ్ళీ అక్టోబరు 1, 2, 3 దరిదాపుల్లో ఒకసారి వస్తాడు. చూడండి, మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకి పదిరోజుల ముందు, సెప్టెంబరులో సమానమయ్యేక పదిరోజుల తర్వాత, లెక్క సరిపోయింది. ఉన్నది కొద్ది నిమిషాలే, ఆ నిమిషాల్లో తూర్పున మబ్బు పట్టిందా ఇంక అంతే సంగతులు. నేను నాలుగుసార్లు వెళ్తే ఒక్కసారి చూసేను, అదీ ముందున్నాయన తలకాయ పక్కనుంచి. అక్టోబరులో మళ్ళీ రండి, మీరు అనుకున్న దానికంటే ఒక గంట ముందే రండి.

*కళింగపట్నంలో స్నానం చేయొచ్చా? ఈత వచ్చు. (ఒక కాలేజీ కుర్రాడు)*

వద్దు తమ్ముడూ. ఏరు సముద్రంలో కలిసే చోట అడుగున ఇసక రోజుకో తీరుగా కదుల్తుంది, నిన్న మోకాళ్ళ లోతున్న చోట ఇవాళ గొయ్యి ఉంటుంది, లోపలికి లాగే నీటికి నీ ఈత సంగతి తెలీదు. మడమలు తడుపుకుని వచ్చేయ్. పండగ రోజుల్లో ఫ్రెండ్స్ రెచ్చగొడితే అసలే వద్దు.

*బారువలో తాబేళ్ళని సముద్రంలోకి వదుల్తారట, మా పాప చూడాలంటోంది. ఎప్పుడు? (పార్వతీపురం నుంచి ఒక తండ్రి)*

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసక తవ్వి గుడ్లు పెడతాయి, ఒక్కోటి వంద దాకా. కుక్కలూ నక్కలూ తినేయకుండా వాటిని ఏరి కంచె లోపల పాతిపెడతారు, ఏభై రోజులు అటూ ఇటూగా పిల్లలొస్తాయి. కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్తే చూసే అవకాశం ఎక్కువ, అయినా ఫలానా రోజని టికెట్ కొనుక్కునే వ్యవహారం కాదు, ముందు అటవీ శాఖ వాళ్ళని కనుక్కుని వెళ్ళండి. పొద్దున్నో సాయంత్రమో ఇసక చల్లగా ఉన్నప్పుడు వదుల్తారు. ఫ్లాష్ కొట్టకండి, ఫోన్ టార్చ్ వెయ్యకండి, అవి వెలుతురున్న వైపే పరిగెడతాయి, సముద్రం అనుకుని మీ సెల్‌ఫోన్ దగ్గరికొచ్చేస్తాయి. చేత్తో ఎత్తి నీళ్ళలో పెడతానని పాప ఏడుస్తుంది, పెట్టనివ్వకండి, వాటంతట అవే నడవాలి.

ఒకటి మాత్రం మీ పాపకి ముందే చెప్పి తీసుకెళ్ళండి, ఒడ్డున చచ్చిపడున్న పెద్ద తాబేళ్ళు కూడా కనపడొచ్చు. బోటు వలల్లో చిక్కుకుంటే పైకొచ్చి గాలి పీల్చుకోలేక పోతాయి. నేను ఒక పొద్దున్న చూసేను, పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు, ఎలా చెప్పాలో నాకే తెలీలేదు.

చలికాలంలో అటు వెళ్తే టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఆగండి, గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఊరి చెట్ల మీదే గూళ్ళు కడతాయి.

*విజయనగరంలో రెండు రైళ్ళ మధ్య ఆరు గంటలు ఖాళీ. కోట, బొబ్బిలి రెండూ అయిపోతాయా? (గుంటూరు నుంచి)*

అవ్వవు. బొబ్బిలి వేరే రోజు పెట్టుకోండి. విజయనగరంలోనే ఉండి కాళ్ళతో తిరగండి. కోట 1713లో విజయదశమి నాడు మొదలెట్టేరని చెప్తారు, నాలుగు మూలలా బురుజులు, నగారాఖానా ద్వారం చూడ్డానికి బాగుంటుంది, లోపల కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టి అన్ని చోట్లకీ పోనివ్వరు. అక్కణ్ణించి గంటస్తంభం, పైడితల్లి అమ్మవారి గుడి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధానికి ఈ కోట నుంచే రాజు వెళ్ళేడు, గెలిచేడు, తిరిగి రాలేదు, డేరాలో ఉండగా తాండ్ర పాపారాయుడు చంపేసేడు. ఆ రాజు చెల్లెలే పైడితల్లి అయ్యిందని ఊరి నమ్మకం. విజయదశమి వెళ్ళిన మంగళవారం సిరిమాను, అంటే చివర పూజారిని కూర్చోబెట్టిన పొడుగాటి మాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది, ఆ రోజు మాత్రం ఆరు గంటల్లో స్టేషన్‌కి కూడా చేరలేరు. టైముంటే గురజాడ అప్పారావు గారి ఇల్లు చూడండి, చిన్నదే, కానీ కాసేపు కూర్చోబుద్ధేస్తుంది. ఆయనా గిడుగూ ఈ ఊళ్ళోనే కలిసి చదువుకున్నారు.

బొబ్బిలి వెళ్ళిన రోజు యుద్ధ స్తంభంతో పాటు గొల్లపల్లి కూడా చూడండి. పనస దుంగని ఒకే ముక్కగా తొలిచి వీణ చేస్తారు, ఏకాండి వీణ అంటారు. తొలిచే చోట పనసచెక్క వాసన భలే ఉంటుంది.

*పోయిన సంచికలో "శ్రీకాకుళంలో రైలు దిగి నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు" అని రాసేరు. దిగేం. నడిచేం. (ఒక కుటుంబం)*

తప్పు నాదే, చెంపలేసుకుంటున్నాను. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, అక్కణ్ణించి ఊళ్ళోకి బస్సో ఆటోనో ఎక్కాలి. నేను రాసింది బస్సు దిగేవాళ్ళ గురించి, "రైలు" అని ఎలా పడిందో. పనిలో పని, బారువ వెళ్ళేవాళ్ళు కూడా వినండి, సోంపేట స్టేషన్ ఉన్నది కంచిలిలో.

*తిరిగి వెళ్ళేటప్పుడు ఏం కొనుక్కెళ్ళాలి?*

పలాస జీడిపప్పు అందరూ కొంటారు, కొనండి. విజయనగరం వైపు నుంచైతే భీమాళి మామిడి తాండ్ర. నన్నడిగితే పొందూరు ఖద్దరు. అక్కడ పత్తిని దువ్వేది ఇనప దువ్వెనతో కాదు, వాలుగ చేప దవడ ఎముకతో, దాని సన్నటి పళ్ళకి పత్తిలో నలుసు ఒక్కటి మిగలదు. బట్ట బేరం అయ్యేక, వడికే ఆడవాళ్ళున్న ఇల్లెక్కడో కనుక్కుని వెళ్ళి ఆ దవడ ఒకసారి చూపించమనండి.