స్కానర్ కొనే ముందు సింధుకి

చిరంజీవి సింధుకి మావయ్య ఆశీస్సులు.

మ్యూజియంలో గాజు నెగటివ్‌లు, పాత ఫిల్మ్ స్కాన్ చేసే పని నీకప్పగించారని, స్కానర్ స్పెసిఫికేషన్లు కూడా నువ్వే రాయాలని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పుడు పొంగిపోయాను. రాత్రికి టెన్షన్ మొదలైంది.

యూపీఎస్ పెట్టించు. ఫైళ్లు రెండు చోట్ల దాచు. స్కానర్ అద్దం రోజూ తుడిపించు. ఇవి నీకు తెలిసినవే.

నేను సర్వీసులో ఉండగా ఒక ఆఫీసులో జరిగింది చెబుతాను, పేరెందుకులే. టెండర్‌లో ‘పెద్ద సైజు స్కానర్’ అని మాత్రం రాశారు. ఎల్-1, అంటే అందరికంటే తక్కువ ధర కోట్ చేసినవాడు, ఇంజినీరింగ్ డ్రాయింగులు లాగే రోలర్ మెషిన్ దించాడు. చూడ్డానికి బ్రహ్మాండం, 36 అంగుళాల వెడల్పు. తీరా నెగటివ్ పెడదామంటే దారే లేదు. నెగటివ్‌లోంచి వెలుగు దూరి అవతలికి రావాలి, ఈ మెషిన్‌లో కాగితం మీద పడి వెనక్కొస్తుంది. కొన్నది ఊరికే ఉంటే ఆడిట్‌లో అడుగుతారని, గుడ్డ మీద అంటించిన పాత మ్యాపులు అందులో పెట్టడం మొదలెట్టారు. ఒక మ్యాపు మడత దగ్గర కాగితం కాస్త లేచి ఉంది. రోలర్ దాన్ని పట్టి లోపలికి లాగింది. ఆపే బటన్ వెతికేలోపు ఏటి ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ చీలికలయ్యాయి. ఆపరేటర్ ఆ ముక్కల్ని కవర్లో వేసి, మ్యాపుకే గుండుసూదితో గుచ్చాడు. మ్యాపు చిరిగినదానికంటే ఆ గుండుసూది చూసి నాకు ఎక్కువ ఒళ్లు మండింది.

అందుకని నువ్వు మొదటి లైన్లోనే రాయి: ఫ్లాట్‌బెడ్ (అద్దం మీద పరిచి తీసేది), సీసీడీ సెన్సర్ (అద్దానికి కాస్త ఎడంగా ఉన్నదీ స్పష్టంగా చూసేది), ఫిల్మ్ కోసం ట్రాన్స్‌పరెన్సీ యూనిట్ (నెగటివ్‌లోంచి వెలుగు పంపేది). కొన్ని మోడళ్లకి ఈ యూనిట్ విడిగా కొనాలి. ఆ లైన్ మర్చిపోయావంటే చచ్చామే. సీఐఎస్ అనే ఇంకో రకం సెన్సర్‌వి సన్నగా, చవగ్గా ఉంటాయి కానీ అద్దానికి ఆనుకున్నదే స్పష్టంగా చూస్తాయి. వంగిన ఫిల్మ్ మసకేస్తుంది.

ముందు స్కేలు పట్టుకుని మీ దగ్గరున్న అతి పెద్ద గాజు ప్లేటు కొలువు. 8×10 అంగుళాల దాకా అయితే ఎప్సన్ వీ850 చాలు. 10×12 ఒక్కటున్నా ఏ3 సైజు మెషినే, 12000ఎక్స్‌ఎల్ లాంటిది.

బ్రోచర్‌లో 6400 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు) చూసి మురిసిపోకు. నిజంగా దక్కే వివరం అందులో సగం కూడా ఉండదు. 8×10 ప్లేటుని 2400లో, 16 బిట్ గ్రేలో తీస్తే ఒక్కో ఫైలు దాదాపు 920 ఎంబీ. మీ హార్డ్ డిస్కులు లెక్కేసుకో. దుమ్ము దానంతటదే పోతుందని సేల్స్ కుర్రాడు ఊదరగొడతాడు. మెషిన్ ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో దుమ్ముని పసిగడుతుంది. కలర్ ఫిల్మ్‌కైతే సరే. నలుపు-తెలుపు నెగటివ్‌లో బొమ్మంతా వెండే, ఇన్‌ఫ్రారెడ్‌ని అదే అడ్డుకుంటుంది. దాంతో మెషిన్ బొమ్మనే దుమ్మనుకుంటుంది. నలుపు-తెలుపుకి ఆ బటన్ నొక్కావో, నేనూరుకోను.

నిజాం దగ్గర పనిచేసిన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పోయింది 1905లో. ఆయన ప్లేట్లు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఇప్పటికీ ఉన్నాయి. గాజు నూరేళ్లు దాటి నిలుస్తుంది, మనం దాని మీద ప్రతాపం చూపకపోతే. ప్లేటు నునుపు వైపు కిందికి, మందు పూసిన వైపు పైకి ఉంచు. అప్పుడు బొమ్మ తిరగబడకుండా సరిగ్గానే వస్తుంది. బీటలిచ్చినవీ మందు పొరలు లేచినవీ స్కానర్ గడప తొక్కకూడదు. లైట్‌బాక్స్ మీద పడుకోబెట్టి పైనుంచి కెమెరాతో తీయి. ఏసీ గదిలోంచి తెచ్చిన ప్లేటుని వానాకాలంలో వెంటనే పెట్టెలోంచి తీయకు, చెమ్మ పడుతుంది.

నాకు రాత్రిళ్లు నిద్రపట్టనిది మాత్రం నైట్రేట్ ఫిల్మ్. కొడాక్ 1951 దాకా దాన్ని తయారు చేసింది. అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. జిగటగా, గోధుమరంగు తిరిగి, ఘాటు వాసన కొట్టే రోల్ కనబడితే చెయ్యి పెట్టకు, స్కానర్ దరిదాపులకి తేకు. కన్సర్వేటర్‌ని, అంటే పాత వస్తువుల్ని కాపాడే నిపుణుణ్ణి, పిలిచేదాకా ఆ గదిలో ఎవర్నీ ఉండనివ్వకు, నువ్వైతే అసలుండకు. వెనిగర్ వాసనొస్తే అది ఎసిటేట్ అనే ఇంకో రకం ఫిల్మ్, దాన్ని విడిగా పెట్టు. చిన్నప్పుడు నా డార్క్‌రూమ్‌లో స్టూలెక్కి హైపో (ఫొటోలు కడిగే మందు) ట్రేలో వేళ్లు ముంచేదానివి, అందుకే ఇన్నిసార్లు చెబుతున్నాను. కోప్పడుతున్నాననుకోకమ్మా.

కొనే ముందు డెమో అడుగు, మీ ప్లేటే పెట్టి చూపించమను. డేటు చెప్పు, బస్సెక్కి వస్తాను. మోకాళ్లనొప్పులు పెట్టుకుని ప్రయాణమేంటని మీ అత్తయ్య గొడవ చేస్తుంది, ఆవిణ్ణి నువ్వే ఒప్పించాలి.

మీ మావయ్య