బస్సులో పోయిన ఫోన్

ప్రశ్న: ఖమ్మం నుంచి వస్తుంటే బస్సులో నా ఆండ్రాయిడ్ ఫోన్ ఎవరో కొట్టేశారు. స్విచాఫ్ వస్తోంది. సిమ్ మార్చేస్తే ఇక దొరకదా?

జవాబు: దొరకొచ్చు. సిమ్ మారినా, ఫోన్ రీసెట్ చేసినా ఆ ఫోన్‌కే ప్రత్యేకమైన 15 అంకెల గుర్తింపు నంబరు (ఐఎంఈఐ) మామూలుగా మారదు. ముందు డబ్బు సంగతి చూడండి: సిమ్ బ్లాక్ చేయించి, బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

తర్వాత వేరే ఫోన్‌లో మీ గూగుల్ ఖాతాతో, పోయిన ఫోన్ ఎక్కడుందో చూపే గూగుల్ సేవ ఫైండ్ హబ్ తెరవండి. ఆఫ్ అయిన ఫోన్‌కు చివరిసారి కనిపించిన చోటే చూపొచ్చు. అక్కడికి మీరొక్కరే వెళ్లకండి, పోలీసులకు చూపించండి. డేటా చెరిపేసే ఆప్షన్ తొందరపడి నొక్కొద్దు. ఆ తర్వాత లొకేషన్ తెలియదు.

పోలీసు ఫిర్యాదు కాపీ, గుర్తింపు కార్డు, ఐఎంఈఐ నంబర్లతో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఫోన్‌ను బ్లాక్ చేయమని రిక్వెస్ట్ పెట్టండి. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు ఐఎంఈఐ నంబర్లుంటాయి, రెండూ ఇవ్వాలి. ఆ నంబర్లుండే ఫోన్ బాక్సు పారేశారా? బిల్లు మీదా, ఫైండ్ హబ్‌లో ఫోన్ వివరాల్లోనూ చూడండి. చాలామంది ఆగిపోయేది ఓటీపీ దగ్గర: అది పోయిన నంబరుకే వస్తుంది కాబట్టి డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి, కొత్త సిమ్‌కు మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రాకపోవచ్చు. కంగారుపడక మర్నాడు మళ్లీ ప్రయత్నించండి.

బ్లాకైన ఫోన్‌లో ఎవరైనా సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. రిక్వెస్ట్ ఐడీ దాచుకోండి, ఫోన్ దొరికాక అన్‌బ్లాక్ చేయడానికి అదే కావాలి.